అప్‌డేట్: బ్యాక్‌హో బకెట్ ఇప్పుడు కదులుతోంది

పోయిన నెల అడిగింది నేనే. దుగ్గిరాల దగ్గర పసుపు చేలో మురుగు కాలవ తీస్తుంటే, ట్రాక్టర్ వెనక బిగించిన బ్యాక్‌హో (మట్టి తవ్వే యంత్రం) బూమ్, అంటే బకెట్‌ని ఎత్తే చెయ్యి, నత్తలా లేస్తోందని, రేస్ పెంచితే హైడ్రాలిక్ ఆయిల్ బాగా వేడెక్కిపోతోందని రాశాను. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని వదిలేసేది) ఇంకా బిగించి ప్రెషర్ పెంచమని ఇద్దరు చెప్పారు. అది చేయనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ గారు ముందు గేజి పెట్టి చూశారు. ప్రెషర్ 180 బార్, సరిగ్గానే ఉంది. తర్వాత ఫ్లో మీటర్ బిగించారు. ట్రాక్టర్ సొంత పంపు ఇంజను 1,500 ఆర్‌పీఎంలో నిమిషానికి 17 లీటర్ల ఆయిల్ ఇస్తోంది, 2,000లో 23. బ్యాక్‌హోకి కావాల్సింది నిమిషానికి 40! ప్రెషర్ బలాన్నిస్తుంది, వేగం మాత్రం ఫ్లో వల్లే వస్తుంది బాబూ, అన్నారాయన. వాల్వ్ బిగించి ఉంటే గొట్టాలో సీళ్ళో పోయేవి తప్ప బూమ్ వేగం పెరిగేది కాదు.

అందుకని పీటీఓకి (ఇంజను శక్తిని బయటి యంత్రాలకిచ్చే వెనక షాఫ్ట్) విడిగా, ఒక్కో చుట్టుకి 28 సీసీ ఆయిల్ తోసే గేర్ పంపు పెట్టించాను, మధ్యలో ఒకటికి మూడు గేర్‌బాక్స్. పీటీఓ 540 తిరిగితే పంపు 1,620 తిరుగుతుంది. లెక్కకి 45 లీటర్లు, లీకేజీ పోను 41 వస్తోంది. పూర్తి లోడులో సుమారు 18 హార్స్‌పవర్ లాగుతుంది కాబట్టి చిన్న ట్రాక్టర్ ఉన్నవాళ్ళు ముందే చూసుకోండి. ఆయిల్‌కి వేరే ట్యాంకు కూడా పెట్టించాను.

నా బండికి పీటీఓ 540 వచ్చేది ఇంజను 1,800 ఆర్‌పీఎం దగ్గర. అక్కడే ఉంచుతున్నాను, అంతకుమించి తొక్కడం లేదు. మధ్యాహ్నం ఎండలో ఆయిల్ ఇంకా కొంచెం వేడెక్కుతోంది. రిటర్న్ పైపు సన్నదేమో, ఈ వారం మార్పిస్తాను.