చెరువు అంచున ప్లాటు కొంటే పడవ కట్టుకునే జాగ కూడా మనదేనా?

వడ్డేపల్లి_వాసి: హన్మకొండ నుంచి అరగంట దూరంలో ఒక చెరువు పక్కన వెంచర్ చూశాను. రెండు గుంటలు, అంటే 242 గజాలు. చెరువు వైపు ఉన్న ప్రతి ప్లాటుకు సొంత పడవ స్టాండు ఇస్తామని బ్రోచర్‌లో వేశారు. నిజం చెప్పాలంటే ప్లాటు కన్నా నాకు ఆ స్టాండు మీదే ఆశ. నాన్న రిటైర్ అయ్యారు, పొద్దున పూట పడవలో ఒక రౌండు తిప్పాలని. దాన్ని ఎలా రాయించుకోవాలి? సేల్ డీడ్‌లోనే వస్తుందా, వేరే అగ్రిమెంట్ కావాలా?

కాజీపేట_జంక్షన్: గజం ఎంతన్నా?

మత్తడి: తమ్మీ, పడవ తర్వాత, ముందు ప్లాటు సంగతి చూడు. చెరువు నిండి రేపో మాపో మత్తడి దుంకుతుంది అన్నప్పుడు నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో అది ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవల్. ఇప్పుడు నీళ్లు కనిపిస్తున్న చోటు కాదు. 2012 బిల్డింగ్ రూల్స్, జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకుండా వదలాల్సిన జాగ. నీకు చూపించిన ఫోటోలు ఏ నెలలో తీసినవి?

వడ్డేపల్లి_వాసి: మే.

మత్తడి: అయిపాయె.

గుంటల_రాజు: ఈ సార్ ఏ ప్లాటు గురించి అడిగినా ఇదే పాట. ఆ 30 మీటర్లు కట్ట నుంచి కొలుస్తారు. నేను 2016లో అదే చెరువు మీద కొన్నా, ఒక రూమ్ వేసుకున్నా. కరెంటు మీటర్ ఇచ్చారు, ఇంటి పన్ను కడుతున్నా. తప్పైతే రిజిస్ట్రేషన్ ఎట్ల చేసిండ్రు?

మత్తడి: కట్ట ఒక్క పక్కనే ఉంటుంది రాజు గారూ. మిగతా దిక్కుల్లో నీళ్లు పొలాల్లోకి పాకుతాయి. మీ వెంచర్ ఉన్నది ఆ ఎగువనే. సబ్‌రిజిస్ట్రార్ కాగితం నమోదు చేస్తాడు గానీ భూమికి పూచీ పడడు. శిఖం, అంటే చెరువు లోపలి భూమికి పట్టా ఉన్నా అంతే, నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు, మొరం పోసి ఎత్తు చేసి ఇల్లు కట్టడం కుదరదు.

గుంటల_రాజు: కట్ట నుంచా కాదా, అది చెప్పండి. పైగా ఆ బఫర్‌లో వినోదానికి వాడుకోవచ్చని మీ జీవోలోనే ఉంది. పడవ వినోదం కాదా?

మత్తడి: పార్కు, నడిచే బాట లాంటివి. నీ ప్లాటుకు తాళం వేసుకునే స్టాండు కాదు. కట్ట నుంచి కాదు, కాదు, కాదు.

హన్మకొండ_అక్క: పొద్దున నుంచి ఇద్దరూ కట్ట మీదే ఉన్నారు. నీళ్లలోకి దిగండి.

మత్తడి: సరే అక్కా. నీళ్లు ఇరిగేషన్ శాఖవి. చేపల హక్కు మత్స్య సొసైటీది. లక్నవరం, పాకాల, రామప్పలో బోటింగ్ పర్యాటక శాఖది. ఇందులో వెంచర్ వాడిది ఏముందని అమ్ముతున్నాడు? ఇంజిన్ పడవైతే 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ఉంది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. పోనీ అన్నీ వచ్చాయనుకో, మే నెలలో నీ స్టాండు ఎండిన బురదలో, నీళ్లు రెండొందల అడుగుల అవతల.

హన్మకొండ_అక్క: 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మా దగ్గరి కడిపికొండ వాళ్లు ఉన్నారు. పడవ అంటే నాకు అదే గుర్తొస్తుంది. స్టాండు సంగతి ఏమో గానీ, మీ నాన్నకు లైఫ్ జాకెట్ ముందు కొను తమ్ముడూ.

గుంటల_రాజు: అందరూ భయపెట్టేవాళ్లే.

మత్తడి: భయం కాదు. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట తెగింది. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కొట్టింది. మా వీధిలో నాలా మీద ఎవరో గోడ పెట్టారు, నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. ఫ్రిజ్ తేలుతూ పోయి తలుపుకు అడ్డం పడింది, మా అమ్మ లోపల. కిటికీ చువ్వలు కోసి బయటకు తీశాం.

గుంటల_రాజు: మీ ఇల్లు మునిగిందని ఊరంతా కొనొద్దంటే ఎట్ల? నేను కబ్జా చేయలేదు. మా నాయిన ఈ చెరువు కిందే మూడెకరాలు అమ్మి అక్క పెళ్లి చేసిండు. ఎకరాల లెక్కన అమ్మిన ఊర్లో నేను గజాల లెక్కన కొనుక్కున్నా. ఆదివారం ఆ రూమ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే దానికి కూడా జీవో చూపిస్తున్నారు మీరు.

కాజీపేట_జంక్షన్: ఎవరైనా గజం రేటు చెప్పండి అన్నా.

తెప్ప_మీద: నేను ఆ ఊరివాణ్నే. మాది సొసైటీ సభ్యుల కుటుంబం. బ్రోచర్ ఫోటోకు ముందు రోజు వెంచర్ వాళ్లు వచ్చి థర్మాకోల్ తెప్పలు పక్కకు జరపమన్నారు. తెల్లగా కనిపించి ఫోటో పాడవుతుందట. జరిపినం. నెల తిరిగేలోపు ఫెన్సింగ్ పడ్డది. మా రేవుకు పోయే బాట ఇప్పుడు వాళ్ల గేటు లోపల ఉంది. మా నాన్న వల బుజాన వేసుకుని చుట్టూ తిరిగి పోతాడు, కిలోమీటరు పైనే. రాజన్నా, మీ కుర్చీ దగ్గర నుంచే ఆ బాట. కట్ట నుంచో ఎఫ్‌టీఎల్ నుంచో మీరు తేల్చుకోండి, గేటు ఎవరు తీస్తారో అది చెప్పండి.

గుంటల_రాజు: గేటు వేసింది నేను కాదు.

తెప్ప_మీద: తాళం చెవి మీ దగ్గర కూడా ఒకటి ఉంది కదా అన్నా.

వడ్డేపల్లి_వాసి: నాది తప్పే, ముందే చెప్పాల్సింది. 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇప్పుడే డ్రాఫ్ట్ డీడ్ తీసి చూశాను. పడవ మాటే లేదు. హద్దుల్లో "పడమర: చెరువు శిఖం" అని వాళ్లే రాశారు.

మత్తడి: ఆ ఒక్క లైన్ పట్టుకుని ఇరిగేషన్ ఆఫీసుకు పో. ఎఫ్‌టీఎల్ మ్యాప్ అడుగు. మిగతా డబ్బు మాత్రం ఆపు.

గుంటల_రాజు: ఆదివారం నేను అక్కడే ఉంటా. ఎక్కడి నుంచి కొలుస్తారో వచ్చి చూపించండి సార్. గేటు తీసే ఉంచుతా.

తెప్ప_మీద: మీ నాన్నను కూడా తీసుకురండి వడ్డేపల్లి అన్నా. మా తెప్ప మీద ఒక రౌండు తిప్పుతా. ఒకరే ఎక్కాలి.

హన్మకొండ_అక్క: లైఫ్ జాకెట్.