14 లక్షల లైన్ల ఎస్‌ట్రేస్ ఫైల్: ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

ప్రశ్న:
మా రాత్రి బ్యాచ్ జాబ్ (దానంతట అదే నడిచే ప్రోగ్రామ్) మామూలుగా 2 నిమిషాల్లో అయిపోతుంది. నెలలో నాలుగైదు రాత్రులు మాత్రం ఇంకో 40 సెకన్లు ఎక్కువ తీసుకుంటోంది. దాని తర్వాత జాబ్ టైమ్ ప్రకారం మొదలైపోతుంది కాబట్టి సగం రాసిన ఫైల్‌నే చదివేస్తోంది. పొద్దున్నే ఫోన్లు, టెన్షన్. ప్రోగ్రామ్ లైనక్స్ కెర్నల్‌ను (సిస్టమ్ గుండెకాయను) అడిగే ప్రతి పనినీ, అంటే ప్రతి సిస్టమ్ కాల్‌నూ, ఒక్కో లైనుగా రాసే ఎస్‌ట్రేస్ టూల్‌ను మైనస్ ఎఫ్‌తో (పిల్ల ప్రాసెస్‌లనూ వెంబడించేలా) పెట్టి అలాంటి ఒక రన్ పట్టుకున్నాను. 14 లక్షల లైన్లు వచ్చాయి. రెండు రోజులుగా స్క్రోల్ చేస్తున్నా, అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మీరైతే ఎలా చదువుతారు?

జవాబు 1:
ముందు ఎస్‌ట్రేస్‌కు మైనస్ సి పెట్టి సారాంశం చూడండి. ఏ కాల్ ఎన్నిసార్లు వచ్చిందో ఒక్క పట్టికలో వస్తుంది. దాంతోపాటు చిన్న డబ్ల్యూ కూడా ఇవ్వండి. లేకపోతే కెర్నల్‌లో సీపీయూ వాడిన సమయమే లెక్కలోకి వస్తుంది, ఎదురుచూసిన సమయం రాదు.

జవాబు 2:
అండీ, స్క్రోల్ చేయడం ఆపేయండి. నేనూ అలా వారాలు పోగొట్టుకున్నాను. చెడిన రన్ ఒక్కటే చూస్తే ఏది మామూలో, ఏది తేడానో తెలియదు. బాగా నడిచిన రాత్రి ట్రేస్ కూడా అవే ఆప్షన్లతో తీసుకోండి, ఈసారి పెద్ద టి కలిపి. అప్పుడు ప్రతి కాల్ చివర ఎంతసేపు పట్టిందో పడుతుంది.

తర్వాత రెండు ఫైళ్లలోనూ ప్రతి రన్‌కీ మారేవన్నీ సెడ్‌తో (టెక్స్ట్ మార్చే కమాండ్) చెరిపేయండి: ప్రాసెస్ నంబర్లు, మెమరీ అడ్రసులు, డిస్క్రిప్టర్ నంబర్లు (తెరిచిన ఫైళ్లకు ఇచ్చే నంబర్లు), సమయాలు. మిగిలినదాన్ని సార్ట్ చేసి యునీక్ మైనస్ సి కొట్టండి, ఒకేలాంటి లైన్లను కలిపి ఎన్నున్నాయో లెక్కిస్తుంది. లక్షల లైన్లు కొన్ని వందల రకాలకు కుదించుకుపోతాయి. ఆ రెండు జాబితాలకూ డిఫ్ (తేడాలు చూపే కమాండ్) చూడండి. ఎక్కువసేపు పట్టిన కాల్స్‌ను మాత్రమే చూసి తీర్పు చెప్పకండి. పని లేక ఖాళీగా ఉన్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పాయ) ఫ్యూటెక్స్ అనే ఎదురుచూసే కాల్‌లో నిమిషం పడుకున్నా తప్పు కాదు. ఆ నిద్ర బాగున్న రన్‌లోనూ ఉంటుంది కాబట్టి డిఫ్‌లో కొట్టుకుపోతుంది.

జవాబు 3:
ఫ్లేమ్ గ్రాఫ్ (ప్రోగ్రామ్‌లో ఏ భాగం ఎంత సమయం తింటోందో చూపే బొమ్మ) గీసి చూడొచ్చుగా? 2011లో పెర్ఫార్మెన్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సమస్య కోసం మొదలుపెట్టిన పద్ధతి. బొమ్మలో ఒక్క చూపుకే అర్థమవుతుంది.

జవాబు 2 రాసినవారు మళ్లీ:
నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ జాగ్రత్త. మామూలు ఫ్లేమ్ గ్రాఫ్ సీపీయూ మీద నడిచిన సమయమే చూపిస్తుంది. అడ్డంగా ఉండేది కాలక్రమం కాదు, వెడల్పంటే మధ్యమధ్యలో తీసిన ఎన్ని శాంపిల్స్‌లో దొరికిందన్నదే. ఈ 40 సెకన్లు ఎదురుచూపు అయితే అందులో కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది! డిఫ్‌లో ఒక రకం లైను చెడిన రన్‌లో 8 సార్లు ఉంది, బాగున్న రన్‌లో అసలు లేదు. పోల్ కాల్ (జవాబు కోసం ఎదురుచూసేది), 5000 మిల్లీసెకన్లు ఆగి, టైమౌట్. దాని పై లైన్లలో 53వ పోర్టుకు కనెక్ట్ ఉంది, అంటే డీఎన్‌ఎస్ (సర్వర్ పేరును ఐపీ అడ్రసుగా మార్చే సేవ). డీఎన్‌ఎస్ సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్‌లో మొదట రాసిన సర్వర్ ఆ రాత్రి జవాబు ఇవ్వలేదు. ప్రతిసారీ 5 సెకన్లు చూసి రెండో సర్వర్‌కు వెళ్లింది. 8 సార్లు, 40 సెకన్లు. లెక్క సరిపోగానే కళ్లలో నీళ్లు తిరిగాయండి. అందులో టైమౌట్ 1 సెకనుకు తగ్గించాను. రెండో జాబ్ ఇక గడియారం చూసి కాకుండా మొదటిది ముగిశాకే మొదలయ్యేలా ఈరోజే మారుస్తున్నాను.