గప్పీలు పిల్లలు పెడుతున్న ట్యాంకులోనే డ్వార్ఫ్ గౌరామీలు ఎందుకు పోతున్నాయి?

నయీంనగర్_వాసి:
హనుమకొండలో ఉంటాను. మూడడుగుల చేపల ట్యాంకు, దాదాపు 120 లీటర్లు, పెట్టి ఏడాది దాటింది. నీళ్లు పరీక్షిస్తే అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 దగ్గర, పీహెచ్ 7.6. వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. బోరు నీళ్లు, నల్లా నీళ్లు కలిపి, క్లోరిన్ పోయే మందు వేసే పోస్తాను. గప్పీలు పిల్లలు పెడుతున్నాయి, అడుగున తిరిగే కోరీ చేపలు హుషారుగా ఉన్నాయి. డ్వార్ఫ్ గౌరామీలు మాత్రం నిలవడం లేదు. తెచ్చిన కొత్తలో బాగా తింటాయి. కొన్ని వారాలకు రంగు తగ్గుతుంది, మూలకు పోయి నిలబడతాయి, మేత నోట్లోకి తీసుకుని ఊసేస్తాయి, కొన్నిటికి పొట్ట ఉబ్బుతుంది. ఆ తర్వాత పోతాయి. వేర్వేరు షాపుల్లో కొని చూశాను, అదే వరస. మా పాప వాటికి పేర్లు పెట్టడం కూడా మానేసింది. నా దగ్గర ఏం తక్కువైందో చెప్పండి.

ఖని_టెట్రా:
టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్నదంతా కలిపి, ఎంత? అదొక్కటి తప్ప అన్నీ రాశారు.

నయీంనగర్_వాసి:
620.

ఖని_టెట్రా:
ఇంకేముంది, దొరికింది కదా. మీ హనుమకొండ దగ్గర కిందంతా గ్రానైటు. బోరులో వచ్చేది కఠిన జలం. 620లో గౌరామీ ఎట్లా బతుకుతుంది? సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి 200కు దించండి. గోదావరిఖనిలో నేను నియాన్ టెట్రాలను అట్లనే కాపాడుకుంటున్నా.

వరంగల్_షాపు:
షాపు నడిపేవాడిగా చెప్తున్నా. పది మందిలో తొమ్మిది మంది కవర్ తీసుకుపోయి నేరుగా ట్యాంకులో కుమ్మరిస్తారు. కవర్‌ను కాసేపు తేలనిచ్చి, ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ గంట సేపు ఓపిక పట్టాలి. అది చేయరు, చేప పోతే షాపు మీద పడతారు. పోయిన ఎండాకాలం ఒకాయన చచ్చిన చేపను కవర్లో తెచ్చి కౌంటర్ మీద పెట్టి, గిరాకీ అంతా చూస్తుండగా పైసలు వాపస్ ఇమ్మన్నాడు. ఆయన ట్యాంకుకు ఫిల్టరే లేదు!

నయీంనగర్_వాసి:
నేను ఆ ఫిల్టర్ లేని మనిషిని కాదండీ. పైన రాసింది ఒకసారి చదవండి. మీరు చెప్పినట్టు కలిపే చేశాను. కుమ్మరించడం వల్ల పోవాలంటే ఒకటి రెండు రోజుల్లో పోవాలి. ఇవి వారాలు గడిచాక పోతున్నాయి.

కొరమీను:
ఫిషరీస్ చదివాను కాబట్టి చెప్తున్నా. మీరు రాసిన లక్షణాలు డ్వార్ఫ్ గౌరామీలలో బాగా తెలిసినవే. వీటికి ఒక ఇరిడోవైరస్ వస్తుంది, ప్లీహాన్నీ మూత్రపిండాన్నీ పాడుచేస్తుంది. మందు లేదు. చేప బయటికి బాగానే కనిపిస్తూ వైరస్‌ను మోస్తుంది. ప్రయాణం, కొత్త నీళ్లు, వేడి తగిలాక బయటపడుతుంది. వెచ్చని నీళ్లలో చావులు ఎక్కువ. 2003లో ఆస్ట్రేలియాలో పెంపకం కేంద్రంలోని ముర్రే కాడ్ చేపలు చనిపోతే, కారణమైన వైరస్ ఈ గౌరామీ వైరస్‌కు దాదాపు అచ్చంగా సరిపోయింది. మీ చేపకు అదే వచ్చిందని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. చేపల టీబీలోనూ ఇట్లాగే చిక్కిపోతాయి, పొట్ట ఉబ్బుతుంది. ఆ టీబీ బ్యాక్టీరియా మన చర్మానికీ పుండ్లు తెస్తుంది. చేతికి గాయం ఉంటే ట్యాంకులో పెట్టకండి.

ఖని_టెట్రా:
వైరస్ కంటికి కనపడదు కాబట్టి ఏమైనా చెప్పొచ్చు. 620 మీటర్ మీద కనపడుతోంది.

కొరమీను:
తమ్మీ, టీడీఎస్ మీటర్ నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో లెక్క కడుతుంది, అంతే. అందులో కాల్షియం ఎంత, ఉప్పు ఎంత అని చెప్పదు. చేపను చంపేంత అమోనియా ఉన్నా ఆ మీటర్ ముల్లు కదిలినట్టే అనిపించదు. గప్పీలకు కఠిన జలమే ఇష్టం, నీ నియాన్లు అమెజాన్ వైపువి, వాటికి మెత్తటి నీళ్లు కావాలి, అది ఒప్పుకుంటా. డ్వార్ఫ్ గౌరామీ గంగా, బ్రహ్మపుత్ర మైదానాల చేప. నీళ్లు కొంచెం గట్టిగా ఉన్నాయని వారాల తర్వాత పొట్ట ఉబ్బి చావదు. ఇంకో మాట. ఆర్‌ఓ ఎక్కువ పోస్తే, పీహెచ్‌ను నిలబెట్టే క్షారత తగ్గిపోయి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. అమోనియాను తినే బ్యాక్టీరియాకు కూడా ఆ క్షారత అవసరం.

ఖని_టెట్రా:
నా టెట్రాలు బతికే ఉన్నాయి. దానికి ఏమంటారు?

మంచిర్యాల_తల్లి:
మా ఇంట్లో కూడా గౌరామీలు ఇట్లాగే పోయాయి. గప్పీలు మాత్రం వద్దన్నా పెరుగుతున్నాయి.

వరంగల్_షాపు:
కొరమీను గారూ, అంటే మేం రోగం చేపలు అమ్ముతున్నామంటారా? మాకు చెన్నై కొళత్తూరు నుంచి రైల్లో పెట్టె వస్తుంది. దిగేటప్పుడు అన్నీ బతికే ఉంటాయి. మళ్లీ చెప్తున్నా, ఇంటికి తీసుకుపోయాక కలపడంలోనే తేడా.

కొరమీను:
మీరే ఎత్తారు కాబట్టి ఆ కలపడం సంగతే చూద్దాం. మూసిన కవర్లో చాలా గంటలు ఉంటే చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. అమోనియా పెరుగుతున్నా, ఆ తక్కువ పీహెచ్‌లో చాలావరకు విషం కాని అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. కవర్ విప్పగానే గ్యాస్ పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది. 7 నుంచి 8కి ఎక్కితే విషపు అమోనియా దాదాపు పది రెట్లు. ఆ మురికి నీళ్లలోనే గంట సేపు ఉంచితే చేపకు కీడే. ఇప్పుడు చూడండి, మీ షాపు నుంచి నయీంనగర్ అరగంట దారి, ఆ కవర్లో పెద్దగా ఏమీ పేరుకోదు. చెన్నై నుంచి మీ షాపుకు వచ్చే కవర్లోనే పేరుకుంటుంది. అంటే అసలు దెబ్బ ఆయన ఇంటికి రాకముందే తగులుతోంది.

నయీంనగర్_వాసి:
ఇది వినాలనే ఇన్ని రోజులు చూశాను. ఏ గ్రూపులో అడిగినా, ఏ షాపులో అడిగినా మొదటి మాట "నువ్వేం చేశావు?" అనే. పోయిన ప్రతి చేపకూ నన్నే ముద్దాయిని చేశారు. మేత తగ్గించు, మేత పెంచు, దొడ్డు ఉప్పు వెయ్యి, మిథిలీన్ బ్లూ వెయ్యి... అన్నీ చేశాను. పుట్టిన చోటే రోగం అంటుకుని వచ్చిన చేపను నేను ప్రేమతో బతికించలేను కదా? అది ఒక్కరైనా ఒప్పుకోరు.

వరంగల్_షాపు:
సారూ, కోపానికి రాకండి, నేనూ ఉన్నది ఉన్నట్టే చెప్తా. కొత్తగా వచ్చినవాటిని నెల రోజులు వేరుగా ఉంచి, బతికినవే అమ్మితే చచ్చినవన్నీ నా లెక్కలో పడతాయి. కరెంటు, మేత, జాగా నావే. ఇప్పుడు జత 80కి ఇస్తున్నా, అప్పుడు 250 అనాలి. పక్క షాపులో 80కి దొరుకుతుంటే నా దగ్గరికి ఎవరొస్తారు? చేప ఎట్లాగూ పోతుంది. నా దగ్గర పోవాలా, మీ ఇంట్లో పోవాలా అన్నదే లెక్క. గిరాకీ చౌక అడుగుతున్నంత కాలం అది మీ ఇంట్లోనే పోతుంది.

కొరమీను:
అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది. ఇంతసేపూ నీళ్ల గురించి కొట్లాడింది, ఈ నష్టం ఎవరు మోయాలో చెప్పుకోలేకనే.

ఖని_టెట్రా:
అయినా ఆర్‌ఓ కలిపి ఒకసారి చూస్తే పోయేదేముంది?

నయీంనగర్_వాసి:
షాపు అన్నా, మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ ఒక మాట అడుగుతా. వచ్చే పెట్టెలో నాలుగు గౌరామీలు వేరే ట్యాంకులో ఉంచండి. 250 లెక్కనే, సగం ముందే ఇస్తా. నెల దాటి తింటూ ఉంటే మిగతా సగం ఇచ్చి తీసుకుపోతా. పోతే ఆ సగం మీదే.

వరంగల్_షాపు:
నెల కష్టం. రెండు వారాలైతే ఒప్పుకుంటా.

కొరమీను:
రెండు వారాలు చాలవు. ఆయనకు పోయినవి కూడా ఆ తర్వాతే పోయాయి. నెల ఉంచినా వైరస్ లేదని గ్యారంటీ కాదు, కానీ ఇప్పటికన్నా చాలా నయం. ఆ ట్యాంకు జాలీ, పైపు, బకెట్ మిగతా ట్యాంకుల్లో వాడకూడదు. వాడితే వేరుగా ఉంచి లాభం లేదు.

వరంగల్_షాపు:
మూడు వారాలు. జాలీ, పైపు వేరే పెడతా. జత 300.

నయీంనగర్_వాసి:
మూడు వారాలు సరే, 300 సరే. పెట్టె దిగిన రోజు తేదీ రాసి ట్యాంకు మీద అంటించండి, నేను వచ్చి చూసుకుంటా.