క్రాస్ ఎగ్జామినేషన్ (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం) కోర్టు హాల్లోనే నేర్చుకోవాలా, లాయర్లకు ఏటా తప్పనిసరి ట్రైనింగ్ పెట్టాలా?

మూడేళ్ల నల్లకోటు:
పెద్దలందరికీ నమస్కారం. ముందు నా పరువు నేనే తీసుకుంటాను, తర్వాత ప్రశ్న అడుగుతాను. మేజిస్ట్రేట్ కోర్టులో ఒక కొట్లాట కేసు, ఇద్దరు ముద్దాయిలు (ఏ1, ఏ2), మనం డిఫెన్స్. ప్రాసిక్యూషన్ రెండో సాక్షి (పీడబ్ల్యు2) తనని పిలిచిన పక్షం లాయరు అడిగే చీఫ్‌లో "ఏ2 కర్రతో కొట్టాడు" అన్నాడు. పోలీసులకిచ్చిన 161 స్టేట్‌మెంట్‌లో ఏ2 పేరే లేదు. సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు, "నువ్వు కానిచ్చెయ్" అని కబురు పెట్టారు. లేచి "ఏ2 కొట్టాడని పోలీసులకి చెప్పలేదు కదా" అన్నాను, సాక్షి "చెప్పాను" అన్నాడు, అది ఎక్కించారు, నేను పెద్ద పని చేసినవాడిలా కూర్చున్నాను. రెండు నెలల తర్వాత దర్యాప్తు చేసిన పోలీసు అధికారి (ఐవో) సాక్ష్యానికి వస్తే రఫ్ స్కెచ్ గురించీ, పంచనామా టైం గురించీ అరగంట అడిగాను. అసలు అడగాల్సింది "పీడబ్ల్యు2 మీ దగ్గర ఏ2 పేరు చెప్పలేదు" అన్న ఒక్క మాట. అది అడగలేదు. ఆర్గ్యుమెంట్స్ రోజు ప్రభుత్వం తరఫు లాయరు ఏపీపీ గారు లేచి "ఆ ఓమిషన్ ఐవో ద్వారా రుజువు చేశారా?" అన్నారు. పోలీసులకి చెప్పని మాట కోర్టులో కొత్తగా చెప్తే అది ఓమిషన్, పోలీసులకి చెప్పలేదని ఐవో నోటితో చెప్పించాలి. మేజిస్ట్రేట్ గారు డిపోజిషన్ (సాక్షి వాంగ్మూలం కాగితాలు) రెండుసార్లు తిప్పి నా వంక చూశారు. ఏ2కి శిక్ష పడింది. అప్పీలు వేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టర్లకి ఐదేళ్లకి 30 గంటల తదుపరి శిక్షణ అని రూలు ఉంది, జడ్జిలకి జ్యుడీషియల్ అకాడమీ ఉంది. ఒకసారి ఎన్‌రోల్ అయ్యి బార్ ఎగ్జామ్ దాటాక ట్రయల్ లాయర్‌ని జన్మలో ఇంకెవరూ ఏమీ అడగరు. ఏటా ఇన్ని గంటలని తప్పనిసరి చేస్తే తప్ప మనం మారం అని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత ప్లీడరు:
తమ్ముడూ, ఒప్పుకున్నావు, అదే సగం చదువు. కానీ మందు తప్పు రాస్తున్నావు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పలేరు. మా సీనియర్ గారు మొదటి రెండేళ్లు నా చేత నోరు తెరిపించలేదు. వెనక బెంచీలో కూర్చుని ఎవరు క్రాస్ చేస్తున్నా ప్రతి ప్రశ్నా నోట్‌బుక్‌లో రాయాలి, జవాబు రాకముందే ఏమొస్తుందో పక్కన రాయాలి, సాయంత్రం ఆయన చూసి "ఈ ప్రశ్న ఎందుకు అడిగాడు చెప్పు" అని పట్టుకునేవారు. నీ కేసులో జరిగింది చదువు లేక కాదు, కాగితం లేక. పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ పక్క పీడబ్ల్యు చెప్పిన కొత్త మాటలు, కుడి పక్క ఐవోని అడగాల్సినవి రాసుకో. ఎడమ పక్క గీత పడిందంటే కుడి పక్క ఖాళీ ఉండకూడదు. ఆర్గ్యుమెంట్స్‌కి ముందే చూసుకుని ఉంటే ఐవోని రీకాల్ చేయమని (మళ్లీ పిలిపించమని) పిటిషన్ వేసుకునేవాడివి, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 311, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడు 348.

తప్పనిసరి అంటే ఏమవుతుందో తెలుసా? ఏసీ హాలు, టీ, సమోసా, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. ఫీజు మాత్రం జూనియర్ జేబులోంచి.

సివిల్ సైడ్:
పాత ప్లీడరు గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మీరు చెప్పే ఆఫీసు ఇప్పుడు ఎన్ని చోట్ల ఉంది సార్? 2002 నుంచి సీపీసీ ఆర్డర్ 18 రూల్ 4 కింద చీఫ్ అంతా రాసిచ్చే అఫిడవిట్టే. సాక్షి చేత కథ చెప్పించడం అనే విద్య సివిల్ కోర్టుల్లో దాదాపు పోయింది, మేమెక్కడ చూసి నేర్చుకోవాలి? సీనియర్లు మమ్మల్ని పంపేది వాయిదాలకి, కేసు పిలిస్తే హాజరు చెప్పే కాల్ వర్క్‌కి, కాసేపాగి పిలవమని (పాస్ ఓవర్) అడగడానికి. అందులోనూ ఆడపిల్ల అయితే "నువ్వు డ్రాఫ్టింగ్ బాగా చేస్తావమ్మా" అని సిస్టమ్ ముందు కూర్చోబెడతారు. నేను లేచి సాక్షిని మొదటి ప్రశ్న అడిగింది ప్రాక్టీసు మొదలైన నాలుగో ఏట. అది కూడా సీనియర్ గారికి జ్వరం వస్తే.

చరిత్ర కూడా చూడండి. ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు ట్రైనింగ్ అన్నది 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో మొదట ఉండేది, 1973 సవరణలో తీసేశారు. బార్ కౌన్సిల్ 1995లో ఏడాది అప్రెంటిస్‌షిప్ రూల్స్ తెస్తే, ఆ అధికారం మీకు లేదని 1999లో సుధీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2010లో ఏఐబీఈ అనే బార్ ఎగ్జామ్ తెచ్చారు, 2023లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. నిలబెట్టింది సరే, అది బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేని ఉత్త చట్టం పుస్తకం) పక్కన పెట్టుకుని రాసే 100 బిట్ల పేపరు. దాంతో సాక్షి ముందు నిలబడటం వస్తుందా? 2025 మేలో సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్నారు, సెలెక్ట్ అయినవాళ్లకి కోర్టు అప్పగించే ముందు ఏడాది ట్రైనింగ్ అన్నారు. బెంచి మీద కూర్చునేవాళ్లకి ఏడాది, కింద నిలబడేవాళ్లకి సున్నా.

బే ఏరియా తెలుగు:
నేను కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేస్తాను, పుట్టింది తెనాలి. ఇక్కడ మూడేళ్లకి 25 గంటలు తప్పనిసరి. చాలామంది ఎలా పూర్తి చేస్తారో నిజం చెప్పమంటారా? గడువు దగ్గరపడ్డాక రాత్రి అన్నం వండుకుంటూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వీడియోలు వింటారు. నేనూ అదే చేశాను. అందులో ఒక్క గంట కూడా నా క్రాస్‌ని బాగుచేయలేదు. గంటలు లెక్కపెట్టడం వల్ల లాభం లేదనే ఇంగ్లండ్‌లో సొలిసిటర్లకి 2016లో గంటల రూలే ఎత్తేశారు. కాబట్టి పాత ప్లీడరు గారి సమోసా భయం నిజమే.

కానీ ట్రైనింగ్ వల్ల ఏమీ రాదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఇక్కడ 1971 నుంచి నీటా అని ఒక సంస్థ ఉంది, వాళ్ల పద్ధతి లెక్చర్ కాదు. ఒక కల్పిత కేసు ఫైలు ఇస్తారు, నువ్వు లేచి క్రాస్ చేస్తావు, వీడియో తీస్తారు, పక్క గదిలో ఇంకో లాయర్ నీతో కూర్చుని ఆ వీడియో చూపిస్తాడు. ఆస్ట్రేలియాకి చెందిన హాంపెల్ గారి పద్ధతి ఇంకొకటి ఉంది, లండన్‌లో బారిస్టర్లకి దాంతోనే నేర్పుతారు. నువ్వు చేసిన పది తప్పుల్లో ట్రైనర్ ఒక్కటే ఎంచుకుంటాడు. నువ్వు అడిగిన ప్రశ్న నీ మాటల్లోనే తిరిగి చదివి వినిపిస్తాడు, అందులో ఏం తేడా ఉందో, ఎలా సరిచేయాలో చెప్తాడు, తను చేసి చూపిస్తాడు, మళ్లీ నీచేత చేయిస్తాడు. పది నిమిషాలు. నా ప్రశ్న నాకే వినిపించినప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. సాక్షి తనకి నచ్చిన దానికి జవాబు చెప్పుకుంటాడు కదా మరి.

138 బాధితుడు:
హహ, మూడు ప్రశ్నలు కరుచుకోవడం మా కోర్టులో రోజూ చూస్తాం. నా సొంత ఘనకార్యం వినండి. చెక్కు బౌన్స్ కేసు, అదే సెక్షన్ 138, నేను ముద్దాయి తరఫున. చెక్కు మీద సంతకం ఒప్పుకున్నాక సెక్షన్ 139 కింద ప్రిజంప్షన్ (బాకీ ఉందనే కోర్టు ముందుగా అనుకోవడం) మన నెత్తి మీదే ఉంటుంది, అయితే ఫిర్యాదుదారుకి అంత డబ్బు ఇచ్చే స్తోమత లేదని చూపిస్తే అది కదులుతుందని 2019లో బసలింగప్ప కేసులో చెప్పారు. అదే పట్టుకుని వెళ్లాను. "ఆరు లక్షలు నగదుగా ఇచ్చానంటున్నారు?" "అవును సార్." "బ్యాంకులోంచి తీయలేదు?" "లేదు." "ఐటీ రిటర్న్స్‌లో చూపలేదు?" "లేదు సార్." అక్కడ కూర్చోవాలి. దేవుడా, అక్కడ కూర్చోవాలి! నేను వెనక కూర్చున్న క్లయింట్‌కి వినపడేలా "మరి ఆరు లక్షలు నీకెక్కడివయ్యా?" అన్నాను. "పొలం అమ్మాను సార్, దస్తావేజు సంచీలో ఉంది, ఇమ్మంటారా?" అన్నాడు. హాలంతా నవ్వు.

ఎక్కడ ఆపాలన్నది పుస్తకాల్లో ఉంది, నేనూ చదివాను. అయినా ఆ క్షణం నోరు ఆగదు. పది మంది ముందు ఉత్తుత్తి సాక్షి మీద నాలుగుసార్లు తప్పు చేసి ఉంటే నిజం సాక్షి దగ్గర ఆగేదేమో.

రిటైర్డ్ స్టెనో:
నేను లాయర్‌ని కాదు, 31 ఏళ్లు డయాస్ కింద కూర్చుని డిపోజిషన్లు టైపు చేసినవాణ్ణి. మీరంతా ప్రశ్న గురించే మాట్లాడుతున్నారు, జవాబు కాగితం మీద ఎలా ఎక్కుతోందో చూసే లాయరు నూటికి ఒకరు. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి సారు ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేస్తారు, నేను కొడతాను. ఒకసారి సాక్షి అన్న మాట "మా అన్న పడి ఉంటే చూశా". కాగితం మీదకి వచ్చింది "మా అన్న పడుతుంటే చూశాను" అన్న అర్థం ఇచ్చే ఇంగ్లిష్ వాక్యం. ఒకటి గొడవ అయ్యాక వచ్చినవాడి మాట, రెండోది కళ్లారా చూసినవాడి మాట. మనిషి జీవితం ఆ రెండింటి మధ్య ఉంది. డిఫెన్స్ లాయర్ గారు అప్పుడు తర్వాతి ప్రశ్న కోసం కాగితాలు వెతుక్కుంటున్నారు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని నేను ఆయన వంకే చూస్తున్నా, నాకు మాట్లాడే హక్కు లేదు కదా.

ఇంకోటి. "నేను అబద్ధం చెప్తున్నానని అనడం నిజం కాదు" అన్న వాక్యం నా సర్వీసులో ఎన్ని వేలసార్లు కొట్టానో. ఆ సజెషన్లు ("మీరు అబద్ధం చెప్తున్నారు" లాంటి లాయరు మాటలు) వేయాలి, కేసు సాక్షి ముందు పెట్టకపోతే తర్వాత వాదించలేరని తెలుసు. కానీ చాలామందికి క్రాస్ అంటే అవే. ఇరవై సజెషన్లు, ఇరవై "నిజం కాదు"లు, టీకి లేవడం.

పాత ప్లీడరు:
స్టెనో గారూ, దండాలు. ఆ "పడి ఉంటే" సంగతి నాకూ ఒకసారి జరిగింది, నేను వెంటనే లేచి సరిచేయమన్నాను, సారు విసుక్కున్నారు, అయినా మార్చారు. సాక్షి సంతకం పడకముందే అడగాలి, పడ్డాక ఎవరూ వినరు.

అమ్మా సివిల్ సైడ్, మీ నాలుగేళ్ల మాట గుచ్చుకుంది. మా ఆఫీసులో కూడా ఆడపిల్లలకి డ్రాఫ్టింగే ఎక్కువ ఇచ్చానేమో, ఇప్పుడు లెక్క చూసుకుంటే. కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఆంధ్రలో 2019లో లా నేస్తం అని జూనియర్లకి నెలకి 5,000 మొదలుపెట్టారు. 2024లో బార్ కౌన్సిల్ వాళ్లు జూనియర్‌కి నగరంలో 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మన్నారు, అది సలహానే, ఆర్డరు కాదు. పెట్రోలుకి వెతుక్కునే కుర్రాడి మీద ట్రైనింగ్ ఫీజు, హైదరాబాద్ బస్సు ఛార్జీ, పోయిన రెండు వాయిదాలు కలిపి వేస్తే వాడు ప్రాక్టీసే మానేస్తాడు.

ఓఎస్ నంబరు మర్చిపోయిన కక్షిదారు:
అయ్యా, నేను క్లయింట్‌ని, మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా నాన్న వేసిన దావా నేను నడుపుతున్నాను. ఇంతసేపూ మీరు నేర్చుకోవడం గురించే చదివాను. మీరు నేర్చుకునేది ఎవరి కేసు మీద? మంగలి కుర్రాడు పని నేర్చుకోవడానికి నా గడ్డమే దొరికిందా?

సివిల్ సైడ్:
మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న సార్, నిజానికి సుప్రీంకోర్టు కూడా అడిగింది. మధ్యప్రదేశ్‌లో ఒక ఉరిశిక్ష కేసులో ముద్దాయికి లాయర్‌ని ఇచ్చిన రోజే ఛార్జీలు ఫ్రేమ్ చేసి రెండు వారాల్లో ట్రయల్ ముగించేశారు. 2019లో అనోఖీలాల్ తీర్పులో దాన్ని పక్కనపెట్టి, మళ్లీ మొదటినుంచి విచారించమన్నారు. ఉరి, యావజ్జీవం పడే అవకాశమున్న కేసుల్లో ఉచితంగా ఇచ్చే లాయర్‌కి కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉండాలి, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలి అన్నారు. మంచిదే. కానీ పదేళ్లంటే మళ్లీ క్యాలెండరే కదా. పదేళ్లూ వాయిదాలు అడిగినా పదేళ్లే.

ప్లీడరు గారూ, ఒక్క మాట. ఈ చర్చంతా జూనియర్ల గురించే సాగుతోంది. 2024 జూలై 1న కొత్త క్రిమినల్, సాక్ష్య చట్టాలు అమల్లోకి వచ్చాక అందరం జూనియర్లమే. మొన్న మా కోర్టులో చాలా పెద్ద లాయర్ గారు వాట్సాప్ చాట్ ఫైల్ చేస్తూ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే పాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్‌నే పెట్టారు. కొత్త చట్టంలో సెక్షన్ 63 కింద రెండు భాగాల ఫారం, రెండోది ఎక్స్‌పర్ట్ నింపాలి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి కోడ్) రాయాలి. "హ్యాష్ అంటే ఏంటమ్మా" అని కారిడార్‌లో నన్నడిగారు. నేర్పాను. ఫీజు తీసుకోలేదు లెండి.

పాత ప్లీడరు:
ఆ పెద్ద లాయరు నేను కాదు కదా 😀 సరే, కొత్త చట్టాల మీద ఏటా ఒక రోజు పెట్టండి, జిల్లా కోర్టు బార్ రూంలోనే, ఫీజు లేకుండా, నేనే ముందు కూర్చుంటా. క్రాస్ మాత్రం గంటల లెక్కన తప్పనిసరి చేస్తే ఇప్పటికీ ఒప్పుకోను.

మూడేళ్ల నల్లకోటు:
సార్, నేను గంటల దగ్గర కొంచెం వెనక్కి తగ్గుతున్నాను. అన్నం వండుకుంటూ వినే 25 గంటలు నాకూ వద్దు. కానీ తప్పనిసరి కాకపోతే మీలాంటి వాళ్లు ఎవరు కూర్చుని నేర్పుతారు అన్న ప్రశ్నకి జవాబు రాలేదు. అందుకే అడుగుతున్నాను, నేను ఓడిపోయిన కేసు డిపోజిషన్‌లో పేర్లు, ఊరు అన్నీ కొట్టేసి పెడతాను. వచ్చే ఆదివారం పదింటికి ఆన్‌లైన్‌లో పీడబ్ల్యు2 ఎవరైనా వేయండి, నేను క్రాస్ చేస్తాను.

రిటైర్డ్ స్టెనో:
టైపింగ్ నాది. ఎవరి మాట ఎలా ఎక్కుతోందో స్క్రీన్ మీద చూపిస్తా.

138 బాధితుడు:
పీడబ్ల్యు2 నేను. దస్తావేజు సంచీలో పెట్టుకునే వస్తా.

పాత ప్లీడరు:
ఐవో నేనుంటా. ఈసారి నన్ను అడక్కుండా పంపావంటే ఊరుకోను.