నాయన కంప్యూటర్‌లో విండోస్ ఉంచాలా, తీసేయాలా?

చిన్నచౌకు చిన్నోడు:
కడపలో మా ఇంట్లో పాత అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది, తర్వాత దాని మీదే 10కి మార్చాం. 2025 అక్టోబర్ 14తో 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది.

అందుకని ఆదివారం విండోస్ పక్కనే, దానిలాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ ఎక్కించాను. మధ్యలో యూఈఎఫ్ఐ అంటూ ఏదో హెచ్చరిక వస్తే సరిగ్గా చదవకుండా కంటిన్యూ నొక్కేశాను. అంతా అయిందని చెప్పింది. రీస్టార్ట్ చేస్తే మింట్ జాడే లేదు, నేరుగా విండోస్.

మా బావేమో "విండోస్ పీకి పారేయ్, పీడ పోతుంది" అంటాడు. కానీ మా నాయన ఆ కంప్యూటర్ మీదే శుభలేఖలు, కరపత్రాలు చేస్తాడు. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు. పదిహేనేళ్ళ ఫైళ్ళు ఉన్నాయి. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. రెండూ ఉంచుకోవాలా, ఒక్కటే ఉంచాలా?

టవర్‌క్లాక్:
మీ బావ చెప్పిందే కరెక్టు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. 2024 ఆగస్టులో ఏమైందో గుర్తుందా? విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్ నమ్మదగినదేనా అని చూసే ఏర్పాటు) ఉన్న ఎన్నో డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో, అంటే రెండు సిస్టమ్‌లు ఉన్నవాటిలో, లైనక్స్ తెరుచుకోకుండా చేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి లైనక్స్ మీదే పిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్ళకు లేని కష్టం మనకేంది?

ఉగ్గాని బజ్జి:
కేరళ పిల్లలకు ముహూర్తం లోపల శుభలేఖ కొట్టిచ్చే పని లేదులే అన్నా. పేజ్‌మేకర్‌కు లైనక్స్ వెర్షన్ లేదు. అను అక్షరాలు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే కోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఆయన పదిహేనేళ్ళ పని మొత్తం ఆ ఫైళ్ళలోనే ఉంది కదా.

టవర్‌క్లాక్:
లైనక్స్‌లో ఇలాంటి పనులకు లిబ్రెఆఫీస్, స్క్రైబస్ ఉన్నాయి. యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, పోతన లాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. ఎన్నాళ్ళని పాతదాన్నే పట్టుకుని వేలాడతారు?

ఉగ్గాని బజ్జి:
వేలాడేది మనం కాదు, ఆయన. అరవై దాటిన మనిషి వేళ్ళకు అలవాటైన కీబోర్డు మార్చి చూడు, తెలుస్తుంది.

బురుజు కింద:
మీ తగువు తర్వాత. ముందు ఆ పిల్లోడి డిస్కు సంగతి చూద్దాం.

తమ్ముడూ, విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరువు. బయాస్ మోడ్ ఎదురుగా లెగసీ అని ఉంటుంది, విండోస్ 7 కాలం నాటి డిస్కు కదా. కంప్యూటర్ ఆన్ అవ్వగానే సిస్టమ్‌ను తెరిచే పాత పద్ధతి లెగసీ, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ. నువ్వేమో పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ చేసుంటావు. నువ్వు చదవని హెచ్చరిక చెప్పిందే అది. ఇందులో ఇంకో సిస్టమ్ పాత బయాస్ పద్ధతిలో ఉన్నట్టుంది, ముందుకు పోతే దాన్ని తెరవడం కష్టం కావచ్చు అని. ఒకటి ఒక పద్ధతిలో, ఇంకోటి ఇంకో పద్ధతిలో ఉంటే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ రెండింటినీ కలపలేదు. మింట్ ఎక్కడికీ పోలేదు, బయాస్ దాని వైపు చూడట్లేదు, అంతే.

బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. నీకు కావాల్సింది రెండోది.

టవర్‌క్లాక్ అన్నా, ఆ 2024 గొడవ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నవాళ్ళది. లెగసీలో సెక్యూర్ బూట్ అనేదే లేదు. ఆ భయం ఇక్కడికి తేవద్దు.

నా మాట వింటే ఇంకో చిన్న డిస్కు, ఎస్ఎస్‌డీ కొను. పాత డిస్కు శాటా కేబుల్ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే పెట్టి లెగసీలో మింట్ ఎక్కించు. డిస్కే లేనప్పుడు దాన్ని పొరపాటున చెరిపేసే మాట ఉండదు. తర్వాత కేబుల్ తగిలించి గ్రబ్ అప్‌డేట్ చేస్తే విండోస్ కూడా మెనూలో చేరుతుంది. దీనికంటే ముందు నాయన ఫైళ్ళు బయట ఇంకో డిస్కులోకి కాపీ చెయ్. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయి నేను ఒకసారి ఏడ్చాను.

టవర్‌క్లాక్:
సెక్యూర్ బూట్ విషయం ఒప్పుకుంటా, నేను చూసుకోలేదు. కానీ అప్‌డేట్లు రాని విండోస్‌ను నెట్‌కు తగిలించి ఉంచడం మంచిదంటారా? నా అసలు అభ్యంతరం అది.

బురుజు కింద:
తగిలించొద్దు. అందులో నెట్‌వర్క్ అడాప్టర్ ఆపేయమను. నెట్ పనులన్నీ మింట్‌లో, పేజ్‌మేకర్ విండోస్‌లో.

చిన్నచౌకు చిన్నోడు:
అన్నా, అక్కడే చిక్కు. శుభలేఖ మ్యాటర్ అంతా వాట్సాప్‌లోనే పంపుతారు. నెట్ లేకుంటే నాయన ఒప్పుకోడు.

ఉగ్గాని బజ్జి:
ఆయన పని చేస్తుంటే ఒకసారి పక్కన కూర్చుని చూడు. వాట్సాప్‌లో వచ్చేది యూనికోడ్, అనులో పేస్ట్ చేస్తే నేరుగా పనికిరాదు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒత్తులు సరిచూసుకునేలోపు మళ్ళీ కొట్టుకోవడమే నయం. మా ఊరి డీటీపీ వాళ్ళంతా ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తూ టైపు చేసేవాళ్ళే.

చిన్నచౌకు చిన్నోడు:
నిజమే ప్పా! అడిగితే "ఎప్పుడూ ఫోన్ చూసే కొడతా కదరా" అన్నాడు. ఫొటోలకు మాత్రమే నెట్ కావాలంట.

బురుజు కింద:
ఫొటోలు మింట్‌లో దించి పాత డిస్కులోకే కాపీ చెయ్. ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయ్. లేదంటే షట్‌డౌన్ చేసినా సగం నిద్రలోనే ఉంటుంది, మింట్ ఆ డిస్కును చదవనిస్తుంది, రాయనివ్వదు.

చిన్నచౌకు చిన్నోడు:
నిన్న రాత్రి పూర్తయింది. ఎస్ఎస్‌డీలో మింట్, పాత డిస్కులో విండోస్, మెనూలో రెండూ కనిపిస్తున్నాయి. కానీ ఈ పొద్దున నాయన విండోస్ తెరిచి, ఎనిమిదిన్నరకు గడియారం మూడు చూపిస్తోందని కేకలేశాడు. కొత్తది పెట్టి పాతది చెడగొట్టానంట.

బురుజు కింద:
సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి కదా? చెడిపోలేదులే. మింట్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. మింట్‌కు స్థానిక సమయం వాడమని ఒక కమాండ్ ఇస్తే సరిపోతుంది, ఇప్పుడే మెసేజ్ పెడతా. ఇంకో మాట, గ్రబ్‌లో డిఫాల్ట్‌గా విండోస్ పెట్టు.

టవర్‌క్లాక్:
డిఫాల్ట్‌గా విండోసా! ఇంత కష్టపడింది దానికా?

చిన్నచౌకు చిన్నోడు:
ముహూర్తాలు అయ్యేదాకా ఉండనీ అన్నా. ప్రింటర్ కూడా మింట్‌లో ఇంకా కదల్లేదు.