పాపకి నీళ్ళ విరేచనాలు: జాజికాయ అరగదీసి పెట్టొచ్చా?

కాకినాడ కోడలు
అందరికీ నమస్తే. మా పాపకి ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. నిన్న పొద్దుట్నుంచి నీళ్ళలా మోషన్స్ అవుతున్నాయి, రాత్రికి ఎనిమిది దాటాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది. జ్వరం లేదు, రక్తం పడట్లేదు. నా పాలు తాగుతోంది గానీ అన్నం ముట్టట్లేదు. పళ్ళొస్తున్నాయి కాబట్టే ఇదంతా అని మా అత్తయ్య గారు. జాజికాయ అరగదీసి నాకిస్తే కట్టుకుంటాయట. మా ఆయన మెడికల్ షాపులో అడిగితే ఒక యాంటీబయోటిక్ సిరప్పు, అట్టపెట్టెలో వచ్చే ఆపిల్ డ్రింకు చేతిలో పెట్టారు. ఇంట్లో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు కూడా ఉన్నాయి. ఇందులో ఏది వాడను? ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలా, గ్లాసుకి కాస్త చొప్పున వేసుకోవచ్చా? పాలు ఆపెయ్యమంటున్నారు, ఆపనా?

విజయనగరం పిన్ని
కంగారు పడకమ్మా. మా ఇంట్లో పిల్లలందరికీ జాజికాయే పెట్టాం. సానరాయి మీద నాలుగు చుట్లు తిప్పి, తల్లిపాలతో రంగరించి నాలిక్కి రాయి. సగ్గుబియ్యం జావలో చిటికెడు ఉప్పేసి పట్టు. దానిమ్మ తొక్క కషాయం కూడా మంచిదే.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
అమ్మాయ్, ముందు పాలు సంగతి. ఆపొద్దు. ఇంకా ఎక్కువసార్లు పట్టు. పాలు ఆపితే విరేచనం ఆగదు, బిడ్డ నీరసపడుతుంది అంతే.

ఇప్పుడు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకింత అని వేస్తే ఒకసారి ఉప్పు ఎక్కువవుతుంది, ఒకసారి చప్పగా ఉంటుంది. చిక్కగా కలిస్తే పిల్లలకి ప్రమాదం కూడా. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, చూసుకో. ఖాళీ లీటరు నీళ్ళ బాటిల్ శుభ్రంగా కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు నింపి, పొడి మొత్తం వేసి ఊపెయ్. అందులో పంచదార, నిమ్మకాయ, పాలు ఏవీ కలపకు. కలిపాక మళ్ళీ మరిగించకు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపు.

ఎంత పట్టాలంటే, రెండేళ్ళ లోపు పిల్లలకి ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మి.లీ. రెండేళ్ళు దాటినవాళ్ళకి 100 నుంచి 200. సీసాతో గడగడా తాగిస్తే వాంతి అవుతుంది. చెంచాతో పట్టు, నిమిషానికో చెంచా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టు. విసుగొచ్చే పనే, ఒకళ్ళ వల్ల కాదు. మీ ఆయన్నీ, అత్తయ్య గారినీ కూడా వంతులేసి కూర్చోబెట్టు.

దాంతోపాటు జింక్ మాత్ర. 20 మిల్లీగ్రాములది రోజుకొకటి, 14 రోజులు. ఆర్నెల్ల లోపు పిల్లలకైతే సగం. చెంచాలో కాసిని పాలో నీళ్ళో పోసి మాత్ర వేస్తే అదే కరిగిపోతుంది. విరేచనాలు మూడో రోజే తగ్గినా ఆపకూడదు, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ మళ్ళీ రాకుండా అదే కాస్తుంది. ఆశా కార్యకర్త దగ్గరో, పీహెచ్‌సీలోనో ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఉచితంగానే ఇస్తారు.

జాజికాయ మాత్రం వద్దు. పిన్ని గారు ఏమీ అనుకోకండి. సానరాయి మీద ఎంత అరిగిందో ఎవరికీ లెక్క తెలీదు, మోతాదు మించితే పిల్లలు మత్తుగా పడుకుంటారు. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డలో మేం మొట్టమొదట చూసేదే ఆ మత్తు. నీరు తగ్గి మగతగా ఉందా, జాజికాయ వల్ల నిద్రపోతోందా అని రాత్రిపూట ఎవరు చెప్పగలరు?

పళ్ళు రావడం వల్ల నీళ్ళ విరేచనాలు అవ్వవు. ఆ వయసులో చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

మెడికల్ షాపు బాబాయ్
షాపులో కూర్చునేవాణ్ణే చెబుతున్నాను, ఆ యాంటీబయోటిక్ పక్కన పెట్టండమ్మా. పసిపిల్లల్లో నీళ్ళ విరేచనాలు ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేవే, వాటికి అది పనిచెయ్యదు. పైగా యాంటీబయోటిక్ వల్లే మోషన్స్ పెరిగే పిల్లలూ ఉన్నారు. రక్తం, జిగట పడుతుంటేనో, కలరా అనుమానం ఉంటేనో డాక్టరు రాస్తారు. అలాగే విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ మాత్ర అరముక్క చేసి ఇమ్మని అడిగేవాళ్ళు వారానికొకరైనా వస్తారు. చిన్నపిల్లలకి అది అస్సలు ఇవ్వకూడదు. పేగు కదలిక ఆగిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. చూసేవాళ్ళకి తగ్గినట్టే ఉంటుంది, అదీ దాంతో చిక్కు. జ్వరం, రక్తం లేని పెద్దవాళ్ళు బస్సు ప్రయాణానికి వేసుకుంటే అది వేరే విషయం.

హైదరాబాద్ నాన్న
ఆపిల్ డ్రింకు గురించి ఎవరూ చెప్పలేదు. చెల్లీ, దాన్ని పాపకి పట్టకండి. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, అంటే 100 మి.లీ.కి గ్రామున్నర కూడా లేదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పంచదార ఎంతుందో చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పేగులో ఉప్పు, గ్లూకోజు సమపాళ్ళలో ఉంటే గ్లూకోజు తనతో పాటు ఉప్పుని లోపలికి తీసుకెళ్తుంది, ఉప్పు వెనక నీళ్ళు వెళ్తాయి. పంచదార ఎక్కువైతే కథ తిరగబడుతుంది, ఒంట్లో నీళ్ళే పేగులోకి వచ్చి విరేచనం పెరుగుతుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాట వాడొద్దని ఆదేశించింది. పేరు మారినా సీసాలో సరుకు మారలేదు కదా, అడిగి పొడి ప్యాకెట్టే తీసుకోండి. "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా" అని ఉంటుంది.

విజయనగరం పిన్ని
జాజికాయ వద్దంటే మానేస్తాం గానీ, ఉప్పూ పంచదార నీళ్ళకే తగ్గిపోతే ఇంక డాక్టర్లెందుకమ్మా? మరి మన ఇంటి వైద్యం అంతా దండగేనా?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
దండగేం కాదు పిన్ని గారూ, సగ్గుబియ్యం జావ, ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, పెసరకట్టు, మెత్తటి మజ్జిగన్నం, అరటిపండు, ఇడ్లీ అన్నీ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. లంఖణం పరమౌషధం అని పసిబిడ్డని పస్తుంచకూడదు. కొబ్బరినీళ్ళు పట్టండి, కానీ అందులో సోడియం తక్కువ కాబట్టి ఓఆర్‌ఎస్ మానేసి అదొక్కటే పట్టొద్దు. గ్లూకోజు పొడిలో అసలు ఉప్పే ఉండదు. దానిమ్మ తొక్క కషాయం, పెరుగులో మెంతులు మీరూ నేనూ తాగుదాం, ఏడాదిన్నర పిల్లకి వద్దు.

ప్యాకెట్ దొరకని అర్ధరాత్రి అయితే లీటరు కాచిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, గుట్టగా కాకుండా అంచుకి సమంగా గీసి. కన్నీళ్ళ కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి.

తగ్గుతుందా అన్నారు కదా. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ నిల్వలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు, బేకింగ్ సోడా కలిపిన నీళ్ళు పెట్టి, రోగుల బంధువుల చేతే పట్టించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. విరేచనంతో మనుషులు పోయేది నీళ్ళూ ఉప్పూ పోవడం వల్లే, అవి తిరిగి పోస్తుంటే జబ్బు దాని టైముకి అదే పోతుంది. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంక డాక్టరెందుకంటారా? కొందరికి నోటితో పట్టేది చాలదు. అమ్మాయ్, ఇది జాగ్రత్తగా చదువు. పాప బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా పట్టి వదులు. ఠక్కున సర్దుకుంటే ఫర్వాలేదు. మడత నెమ్మదిగా పోతుంటే, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే, కళ్ళు లోతుకి పోతే, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోతే, తాగింది తాగినట్టు కక్కేస్తుంటే, రక్తం కనబడితే, జ్వరం బాగా పెరిగితే, పిలిచినా మగతగా ఉంటే ఇక్కడ మెసేజ్ పెట్టకుండా ఆసుపత్రికి బయల్దేరు. 108కి ఫోన్ చెయ్. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండు, మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకు.

గుంటూరు అబ్బాయి
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. మా నాన్నగారికి 68, షుగరు, బీపీ ఉన్నాయి. ఆయనకీ నిన్నట్నుంచి ఇదే. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు ఉంది కదా అని తాగనంటున్నారు.

మెడికల్ షాపు బాబాయ్
తాగమనండి బాబూ. అందులో ఉన్న గ్లూకోజు కన్నా ఒంట్లో నీరు తగ్గడమే ఆయనకి ఎక్కువ చేటు. గ్లూకోమీటరు ఉంటే రోజుకి మూడు నాలుగుసార్లు చూడండి. అసలు జాగ్రత్త వేరే ఉంది. మెట్‌ఫార్మిన్, ఉచ్చ ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు, ఇంకొన్ని షుగరు మాత్రలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇబ్బంది తెస్తాయి. ఏవి రెండ్రోజులు ఆపాలో ఈ రోజే ఆయన డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ అయితే మీ అంతట మీరు ఆపొద్దు. లేచేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయంటే ఫోన్‌తో సరిపెట్టకుండా తీసుకెళ్ళండి.

కాకినాడ కోడలు
అందరికీ థ్యాంక్స్. చెంచాతో పడుతుంటే వాంతి ఆగింది. ఇందాక ఉచ్చ పోసింది, చర్మం కూడా వెంటనే సర్దుకుంటోంది. అత్తయ్య గారే వంతు తీసుకున్నారు ఇప్పుడు. మోషన్స్ మాత్రం ఇంకా అవుతున్నాయి.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
అవుతాయి. మూడు నుంచి ఏడు రోజులు పట్టొచ్చు, అవి లెక్కపెట్టడం కన్నా ఉచ్చ, చురుకుదనం చూసుకో. రెండు వారాలు దాటినా తగ్గకపోతే పరీక్షలు చేయించాలి. ముడ్డి కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, లేకపోతే రేపు మీ ఇంట్లో ఇంకొకరు మొదలెడతారు. టీకాల కార్డులో రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలప్పుడు పడ్డాయో లేదో చూడు.

కాకినాడ కోడలు
మూడూ పడ్డాయి అక్కా.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
మంచిది. అయినా అన్ని రకాల వైరస్‌లనీ అది ఆపదు, కాబట్టి ఓఆర్‌ఎస్ కొనసాగించు. తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ తిండి పెట్టు, తగ్గిన బరువు తిరిగి రావాలి కదా.