అప్‌డేట్: మామ్మ పెద్దకర్మ రోజు ఆవిడ జోకులే చెప్పుకున్నాం

పెద్దకర్మ రోజు మామ్మ చలోక్తులు తలుచుకుంటే పెద్దవాళ్లు తప్పు పడతారేమోనని మొన్న అడిగాను కదా. చెప్పమని ధైర్యమిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు పెదనాన్నే అందుకున్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీద విరుచుకుపడినప్పుడు, పూర్ణా మార్కెట్ దగ్గరి మా పాతింట్లో వీధి తలుపు ఊడిపోయేలా ఉందట. మగవాళ్లంతా బీరువా అడ్డం పెట్టి తలుపును అదిమి పడుతుంటే, మామ్మ పీట మీద కూర్చుని, "గట్టిగా పట్టండర్రా, పెళ్లిపీటల మీద పెళ్లాం చెయ్యి పట్టుకున్నట్టు వణుకుతారేం!" అందట. తర్వాత కరెంటు లేదు, పాలు దొరకలేదు. వీధిలో వాళ్లందరికీ గ్లాసుల్లో డికాక్షన్ పోసి, "ఆవులు సెలవు పెట్టాయి, సర్దుకోండి" అనేదట. ఆ భయంలో అందరినీ నిలబెట్టింది ఆ మాటలే అని పెదనాన్న కళ్లు తుడుచుకున్నారు.

నా టెన్షనంతా పెద్దత్తయ్య గురించే. ఆవిడే లేచి సింహాచలం చందనోత్సవం సంగతి చెప్పింది. క్యూలో వెనకాయన ఒకటే తోస్తుంటే మామ్మ తిరిగి, "బాబూ, అప్పన్న నిజరూపం చూపించడానికి ఏడాది ఆగాడు, నువ్వు గంట ఆగలేవా?" అందట. ఆయన నోరు మూసుకుని, ఆ తర్వాత మామ్మ సంచీ తనే మోశాడట!

ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇంకోటి చెబుతున్నారు. తమ్ముడు అన్నీ రికార్డు చేస్తున్నాడు.